బౌలింగ్ క్లబ్ షెడ్డులో ఆదివారం

ఈ వారం విజ్ఞాపన ప్రార్థన నా వంతు.
లిస్మోర్‌లో మా గుడి గోడలు ఇంకా ఆరలేదు.
అందుకే బౌలింగ్ క్లబ్ రేకుల షెడ్డు కింద
బారు నుంచి మోసుకొచ్చిన కుర్చీల్లో కూర్చున్నాం.
బల్ల అంటే ఎవరో దానం చేసిన ఇస్త్రీ బల్ల.
దాని మీద తెల్లగుడ్డ, రొట్టె,
ఈగలు వాలకుండా సాసరు మూసిన ద్రాక్షరసం.

రాత్రి కూర్చుని రాసుకున్న కాగితం ఉంది.
"కృపగల తండ్రీ" అని మొదలవుతుంది.
మడిచి గంబూటులో దోపాను.

తండ్రీ,
ఓడ కట్టినవాడికి ఏడు రోజుల ముందు చెప్పావు.
మాకు రాత్రి మూడింటికి ఫోను మోగింది.
అప్పటికే వంటింట్లో ఫ్రిజ్ వెల్లకిలా తేలి
తలుపు తడుతోంది.
భూమినంతా ఇంకెన్నడూ ముంచనన్నావు, నిజమే.
ఒక వీధి సంగతి ఆ మాటలో లేదు.
మేమే సరిగ్గా వినలేదేమో.

నిండా మునిగినవాడికి చలేమిటని మావైపు సామెత.
అబద్ధం.
వినిఫ్రెడ్ టాల్బట్‌ని అడుగు, తొంభై ఒకటి ఆమెకు.
పైకప్పు కింద దూలం పట్టుకుని
గడ్డం దాకా నీళ్లలో ఆరు గంటలు.
ఆస్పత్రిలో నేను తడి నైటీ కత్తిరించి తీస్తుంటే
పళ్లు టకటకలాడుతూ ఒకటే అడిగింది:
"పిల్లి దొరికిందా?"
దొరకలేదు.
పిల్లి కోసం ప్రార్థించవచ్చో లేదో
ఏ పాస్టరుగారూ నాకు చెప్పలేదు.
ప్రార్థిస్తున్నాను.

క్లైవ్ మెర్సర్ కోసం.
అదిగో, బారు తలుపు దగ్గర, సిగరెట్టుతో.
ఇంతకంటే దగ్గరికి రాడు.
చేపల పడవేసుకుని చీకట్లో తిరిగి
రంపంతో రేకులు కోసి
పదిహేడు మందిని పైకి లాగాడు.
కప్పు తెరిచిన ప్రతిసారీ "దేవుడా" అన్నాడట.
అది తిట్టో మొరో
నువ్వే తేల్చుకో.

పెళ్లి ఫొటోలు కడిగి
తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన ఓకీఫ్ దంపతుల కోసం.
ముఖాలు కరిగిపోయాయి,
పూలగుత్తి మాత్రం మిగిలింది.
ఇన్సూరెన్సు కంపెనీ మనిషి కోసం కూడా:
ఇంట్లోకి వచ్చింది నది నీరా, వాన నీరా
అని అడుగుతున్నాడు.
అతనికి ముందు బుద్ధి, తర్వాత కృప.

ఈ బురద వాసన పోవాలి ప్రభువా.
పెద్ద కోరిక కాదు.
రొట్టె విరిచినా అదే వాసన.

ఉప్పెన చూసిన మనిషి మా అమ్మమ్మ దోర్కమ్మ.
బిందెలో నీళ్లు ఎప్పుడూ నిండుగా పోసేది కాదు,
అంచుకి బెత్తెడు కిందే ఆపేది.
ఎందుకంటే చెప్పేది కాదు.
ఇందాక అందరికీ టీ పోస్తుంటే
నా చెయ్యి కూడా అక్కడే ఆగింది.
సగం కప్పు ఇచ్చానని ఎవరూ అడగలేదు.

ఇక,
నది తీసుకెళ్లిన డెస్మండ్ పైక్ కోసం…

పేరు చదవగానే వాళ్ల అబ్బాయి లేచి
కార్ల మధ్యకి వెళ్లి నిలబడ్డాడు, వీపు మాకేసి.
తర్వాతి మాట నా దగ్గర ఉండింది.
ఓదార్పు అనే మాట.
నోట్లోనే ఉంచుకున్నాను.
పాస్టరుగారి భార్య లేచి వెళ్లి
ఏమీ అనకుండా అతని పక్కన నిలబడింది.
దాన్ని కూడా నా ప్రార్థనలో రాసుకో తండ్రీ,
నేను చెప్పలేకపోయిన చోట.

అప్పుడు రేకు మీద
టప్‌మని ఒక చినుకు.
కాసేపటికి ఇంకొకటి.

మూసుకున్న కళ్లన్నీ తెరుచుకున్నాయి.
పిల్లలు తల్లుల మోకాళ్లు పట్టుకున్నారు.
ఎవరూ ఆమేన్ అనలేదు.
ముప్ఫై మందిమి తలలెత్తి
కప్పునే వింటున్నాం.

క్లైవ్ సిగరెట్టు కింద పడేసి
ట్రెయిలరు మీది పడవ వైపు నడిచాడు,
తాళంచెవుల కోసం
జేబు తడుముకుంటూ.